శ్రీశైలం దారిలో మన్ననూర్‌లో దిగాం

మా దేవరకొండ వాళ్లకు నల్లమల కొత్తేమీ కాదు. చందంపేట దాటితే అడవే. శ్రీశైలానికి చిన్నప్పటి నుంచి పోతూనే ఉన్నాం. డిండి, హాజీపూర్ చౌరస్తా, మన్ననూర్, వటవర్లపల్లి, దోమలపెంట, డ్యామ్... ఈ ఊళ్లన్నీ మాకు బస్సు కిటికీలోంచే పరిచయం. తెల్లవారుజామున బయల్దేరాలి, పాతాళగంగలో మునగాలి, దర్శనం చేసుకోవాలి, రాత్రి తొమ్మిదికి చెక్‌పోస్టు మూసేలోపు ఉరుకులు పరుగుల మీద అడవి దాటాలి. ఆ అడవిలో కాలు పెట్టింది ఎప్పుడయ్యా అంటే, ఘాట్ మలుపులకు ఎవరికో వాంతి వచ్చి బండి ఆపినప్పుడే.

ఈసారి మా ఆవిడ షరతు పెట్టింది. మన్ననూర్‌లోనే దిగుదాం, అక్కడే ఉందాం, చుట్టుపక్కల తిరిగినంత తిరుగుదాం అంది. కార్తీక మాసంలో మల్లన్న దర్శనం లేకుండా నడిమధ్యలో ఆగడమేందని మా అత్తమ్మ కాసేపు గొణిగింది. ఉమామహేశ్వరం పోయొస్తామని చెప్పాక మెత్తబడింది. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అదే కదా, దర్శనం లెక్క సరిపోతుంది. నేను, మా ఆవిడ, పదో తరగతి చదివే మా చిన్నోడు, నా బామ్మర్ది బయల్దేరాం. బామ్మర్దికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పులిని చూడకుండా వెనక్కి వచ్చేది లేదని కారెక్కుతూనే శపథం చేశాడు.

మేం దిగింది అటవీశాఖ వాళ్ల మట్టి కాటేజీల్లో. గది, సఫారీ, అడవిలో నడక అన్నీ కలిపి ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి. శుభ్రంగా ఉంది, చల్లగా ఉంది, అంతకుమించి హంగులు కావాలనుకునే వాళ్లకు ఈ చోటు నచ్చదు. నీళ్లకు స్టీలు బాటిళ్లు తీసుకుపోవడం మంచిది. ఈ పులుల రిజర్వ్‌లో వాడిపారేసే ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది.

1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంగా ప్రకటించిన అడవి ఇది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇవతలి భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. 2,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. నల్లగొండ జిల్లాలో ఉన్న మా వైపు గుట్టలు కొన్ని కూడా ఇందులోనే కలుస్తాయి. అంటే మేం పులి ఉన్న అడవి అంచునే పుట్టి పెరిగి, దాన్ని చూడటానికి డబ్బులు కట్టి వచ్చామన్నమాట.

మొదటి రాత్రి భోజనం చేసి చెక్‌పోస్టు దాకా నడిచాం. తొమ్మిదయ్యేసరికి గేటు పడింది. ఒక్క నిమిషం తేడాతో ఆగిపోయిన కారాయన గేటు దగ్గర బతిమాలుతున్నాడు. పిల్లలు నిద్రపోతున్నారు సార్, ఈ ఒక్కసారికి వదలండి అని. గార్డు మాట్లాడకుండా టార్చిలైటుతో బోర్డు వైపు చూపించాడు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా వాహనాలు బంద్. ఆ తొమ్మిది గంటలూ రోడ్డు జంతువులది. గేటు పడ్డ కాసేపటికి వినిపించిన చప్పుళ్లు నేను ఈ దారిలో ఎన్నడూ వినలేదు. కీచురాళ్లు, ఎక్కడో దుప్పి అరుపు, గాలికి వెదుర్లు ఒరుసుకునే కిర్రు. పొద్దున ఆరింటికి గేటు ఎత్తగానే రాత్రంతా కార్లలో ముడుచుకుని పడుకున్న జనమంతా ఒకేసారి హారన్లు కొట్టారు. ఎందుకంత తొందర అని మా ఆవిడ నవ్వింది. మేమూ ఏటా చేసే పనే అది.

సఫారీ ఫరహాబాద్ గేటు నుంచి. లోపల వ్యూ పాయింట్ దాకా జీపు పోతుంది. దారిలో నిజాం కాలంనాటి వేట బంగళా శిథిలాలు కనిపిస్తాయి. వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే గుట్ట ఒక్కసారిగా తెగిపోయి, కింద మైదానం, చెరువులు పరుచుకుని కనిపిస్తాయి. పొద్దున పూట మంచు కరిగే వేళ ఆ దృశ్యం బాగుంటుంది, కాదనను. దుప్పుల గుంపు కనబడింది, ఓ కణుజు రోడ్డు దాటింది, నెమళ్లకైతే లెక్కే లేదు. పులి మాత్రం రాలేదు. బామ్మర్ది ముఖం మాడ్చుకున్నాడు. వానలు పడి నెల తిరగలేదు, గడ్డి నడుముదాకా పెరిగి ఉంది, అడవి నిండా నీళ్లున్నాయి, ఇక పులి రోడ్డు పక్క కుంటకు ఎందుకొస్తుందని డ్రైవర్ ఓదార్చాడు. పులి కోసమే వచ్చేవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో రావాలట. జులై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీలు మూసేస్తారు.

నన్నడిగితే సఫారీ కన్నా నడకే వెయ్యి రెట్లు మేలు. మమ్మల్ని తీసుకుపోయింది చెంచు కుర్రాడు, పాతికేళ్లుంటాయి. అటవీశాఖలో ట్రాకర్. కాళ్లకు మామూలు హవాయి చెప్పులు, చేతిలో చిన్న కర్ర. మేమేమో షూలు, టోపీలు, బామ్మర్ది మెడలో బైనాక్యులర్. అరగంట నడిచాక మా చిన్నోడు ఆయన చెప్పుల వైపు, తన షూల వైపు మార్చి మార్చి చూసుకున్నాడు.

మేం చెట్టు చూస్తే చెట్టే. ఆయనకు అదొక కబురు. ఓ నల్లమద్ది దగ్గర ఆగి, మొసలి వీపులా పగుళ్లు తేలిన బెరడు మీద అరచేయి వేసి, "ఎండాకాలం నిప్పు అంటుకుంటే తునికి మాడుతది, ఇది మాడదు సార్" అన్నాడు. కొంచెం ముందు ఒక పుట్ట సగానికి తవ్వి ఉంది. తడి మట్టి ఇంకా ఆరలేదు. పక్కనే గోళ్ల గీతలు. రాత్రి ఎలుగుబంటి చెదల కోసం తవ్వింది. "పులికి భయం లేదా మీకు?" అని మా ఆవిడ అడిగితే అన్నాడు, "పులి మనల్ని చూస్తే పక్కకు పోతది అక్కా. ఎలుగు అట్ల కాదు, దానికి సగం చూపు, నిండా కోపం."

ఇంకాస్త పోయాక దారికి వంగిన ఒక మాను దగ్గర నిలబెట్టాడు. మా చిన్నోణ్ని దగ్గరికి పిలిచి, వంగిన కాండం అడుగున ముక్కు పెట్టి వాసన చూడమన్నాడు. వాడు చూసి తలెత్తి, "బిర్యానీ వాసన వస్తంది నానా!" అన్నాడు. మేం నమ్మలేదు. ఒక్కొక్కరం వంగి చూశాం. నిజమే, అప్పుడే ఉడికిన బాస్మతి అన్నం వాసన. పులి తన హద్దు తెలియడానికి ఇలా చెట్ల మీద చిమ్మిపోతుంది. బాస్మతి బియ్యానికి ఆ ఘుమఘుమ ఇచ్చే పదార్థమే దాని మూత్రంలోనూ ఉంటుంది. ముక్కుకు ఇంత గట్టిగా తగులుతోందంటే పాత వాసన కాదన్నాడు ట్రాకర్. బామ్మర్ది బైనాక్యులర్ వదిలేసి మా మధ్యలోకి జరిగాడు.

అక్కడికి దగ్గర్లోనే దారికి రెండు వైపులా రెండు కెమెరాలు, మోకాలెత్తులో, ఎదురెదురుగా కట్టి ఉన్నాయి. ఒకటి సరిపోదా అని అడిగాను. పులి కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు ఒకేలా ఉండవు, ఒక పులి చారలు ఇంకో పులికి రావు, అందుకని రెండు పక్కలా ఫొటో పడాలి. పులుల లెక్క తప్పకుండా ఉండేది ఆ చారల వల్లే. ఇదే అడవిలో హైదరాబాద్ జూలో పెంచిన మూషిక జింకలను కూడా తెచ్చి వదిలారు. కుందేలంత ఉంటుంది, కొమ్ములుండవు. రాత్రిపూట తిరిగేది కాబట్టి మాకు కనబడే ఆశ లేదు.

తిరుగుదారిలో ఎత్తయిన బండ చరియ చూపించి, అక్కడ తేనె పడతామన్నాడు. నార తాడు కట్టుకుని పై నుంచి చరియ మీదుగా వేలాడుతూ దిగాలి. కింద వందల అడుగుల లోయ. "మరి పైన తాడు పట్టుకునేది ఎవరో తెల్సా సార్? బామ్మర్ది."

"అన్నదమ్ములు ఉంటే కూడానా?"

"అన్నదమ్ముడు వదిలినా వదలొచ్చు. బామ్మర్ది వదలడు. వదిలితే బొట్టు పోయేది ఆయన అక్కకే కదా."

మా ఆవిడ తమ్ముడి వైపు చూసి, "విన్నావా?" అంది. వాడు అప్పటికే తాడు బరువు ఎంతుంటుందని ట్రాకర్‌ను అడుగుతున్నాడు.

మన్ననూర్ నుంచి ఒక పూటలో పోయిరాగలిగినవి చాలానే ఉన్నాయి. ప్రతాపరుద్రుని కోట ట్రెక్కు మేం పోలేదు, రాళ్లు ఇంకా జారుతున్నాయి. మల్లెలతీర్థం పోయాం. వటవర్లపల్లి దగ్గర హైవే వదిలి అడవిలోకి ఏడెనిమిది కిలోమీటర్లు పోవాలి. అక్కడి నుంచి మూడు వందల పైచిలుకు మెట్లు కిందికి. దిగేటప్పుడు ఉషారే, ఎక్కేటప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకుపోవద్దు. జలపాతం కింద నిలబడితే మాట వినబడదు, నీళ్లు మంచులా చల్లన. వేసవిలో ధార సన్నబడుతుంది కాబట్టి వానలు తగ్గాక, చలి ముదరకముందు రావడమే సరైన సమయం. ఒడ్డున కొందరు కోతులకు చిప్స్ ప్యాకెట్లు విసురుతున్నారు. హైవే మీదా అదే వరస, కార్లు ఆపి అరటిపళ్లు వేయడం. పుణ్యమని వేస్తారు, ఆ కోతులేమో అడవిలోకి పోకుండా రోడ్డు మీద కాచుకుని టైర్ల కింద పడతాయి. ఎన్ని బోర్డులు పెడితే ఏం లాభం?

దోమలపెంట దగ్గర ఆక్టోపస్ వ్యూ పాయింట్ నుంచి చూస్తే కృష్ణమ్మ గుట్టల మధ్య పాయలు పాయలుగా చేతులు చాచి కనిపిస్తుంది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఆ మట్టానికి దగ్గరగా నీళ్లున్న రోజుల్లో చూడాలి ఆ అందం. కానీ నా కళ్లు వేరే వైపు పోయాయి. ఎస్‌ఎల్‌బీసీ, అంటే శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం మొదలయ్యేది ఆ పక్కనే. ఈ నీళ్లను 44 కిలోమీటర్ల సొరంగంలోంచి మా నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లకు తేవాలని మొదలుపెట్టిన పని. పైన పులుల అడవి కాబట్టి మధ్యలో ఎక్కడా పైనుంచి తవ్వడానికి వీల్లేదు, రెండు కొసల నుంచే యంత్రంతో తొలుచుకుంటూ వచ్చారు. 2025 ఫిబ్రవరి 22న లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. మేం నడిచిన అడవి కిందే ఆ తవ్వకమంతా. మా చిన్నోడు ఎన్నో ప్రశ్నలు అడిగాడు, నాకు తెలిసినన్ని చెప్పాను. డ్యామ్ దాకా పోయి, అక్కడి నుంచే మల్లన్నకు దండం పెట్టుకుని వెనక్కి తిరిగాం.

ఉమామహేశ్వరం చివరికి ఉంచుకున్నాం. రంగాపూర్ దగ్గర హైవే వదిలి గుట్ట ఎక్కితే, ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద కొండచరియ కిందే గుడి. ఎంత ఎండాకాలమైనా రాతిలోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయట. పాపనాశనం దగ్గర ఆ నీళ్లు తలమీద చల్లుకోవడానికి వరుస కట్టారు జనం. కార్తీక దీపాల పొగకు చరియ అడుగు నల్లబడి ఉంది. శ్రీశైలంలో గంటల తరబడి లైన్లో నిలబడి క్షణం చూసే దర్శనం, ఇక్కడ తీరిగ్గా కూర్చుని చేసుకున్నాం. అత్తమ్మకు వీడియో కాల్ చేసి చూపిస్తే, "ఇన్నేండ్లు నాకెవ్వరు చూపించలే" అని మా మీదే తప్పు వేసింది.

బయల్దేరే ముందు మా ట్రాకర్ కుర్రాడు సలేశ్వరం జాతరకు రమ్మని పిలిచాడు. ఏడాదికోసారి చైత్ర పౌర్ణమి రోజుల్లో మాత్రమే వదులుతారు. లోయలోకి దిగి ఎక్కాలి, పూజారులు చెంచులే. "వస్తున్నాం లింగమయ్యా" అని కేకలు వేసుకుంటూ వేల మంది పోతారు. మా ఆవిడ అక్కడికక్కడే మాట ఇచ్చేసింది. బామ్మర్దికి వేసవిలో మళ్లీ సఫారీ కావాలి, ఈసారి పులిని చూడాల్సిందేనట. చైత్ర పౌర్ణమి ఎలాగూ ఏప్రిల్‌లోనే వస్తుంది, అక్కాతమ్ముళ్లిద్దరికీ ఒకే ప్రయాణంలో పని తీరుతుంది. ఆ ఎండల్లో నేను మాత్రం రానని డిండి దాటకముందే చెప్పేశాను.