ఇంటిపేరు జౌళివారు

జర్మనీలోని లైప్‌జిగ్ నగరం నడిబొడ్డున గెవాంట్‌గెస్షెన్ అని ఒక ఇరుకు సందు ఉంది. గెవాంట్ అంటే బట్ట. గెవాంట్‌హౌస్ ఆర్కెస్ట్రాకు ఇంటిపేరు ఇచ్చిన ఆ జౌళి భవనాన్ని చూద్దామని పొద్దున్నే సందు వెతుక్కుంటూ వెళ్లాను. భవనం లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో దాన్ని తీసేసి పెద్ద వర్తక సముదాయం కట్టారు. ఇల్లు పోయినా ఇంటిపేరు మాత్రం నిలిచింది.

అసలు ఈ బృందం పుట్టుకే బేరసారాల ఊరికి తగ్గట్టు ఉంటుంది. దగ్గర్లోని డ్రెస్డెన్‌లో 1548 నుంచీ కొలువు వాద్యబృందం ఉంది, జీతం ప్రభువుది. లైప్‌జిగ్‌లో ప్రభువు కొలువు లేదు, సంతలు ఉన్నాయి. 1743లో పదహారు మంది ఊరి పెద్దలు తలా ఇంత వేసుకుని పదహారు మంది వాద్యకారులను కుదుర్చుకున్నారు. మొదట ఇళ్లలో, తర్వాత ‘మూడు హంసలు’ అనే సత్రంలో కచేరీలు జరిగేవి. 1781 నవంబరు 25న జౌళి వర్తకుల భవనం పై అంతస్తులో కట్టిన హాల్లోకి మారారు. అయిదు వందల మంది పట్టే ఆ హాల్లో శ్రోతలు వేదిక వైపు కాకుండా, రెండు వరుసలుగా ఒకరికొకరు ఎదురుగా కూర్చునేవారట. పాట వింటూ ఎదుటివారి నగలు లెక్కపెట్టడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు! గోడ మీద మాత్రం రోమన్ తత్వవేత్త సెనెకా మాట రాయించారు: నిజమైన ఆనందం గంభీరమైన విషయం అని.

మధ్యాహ్నం గోల్డ్‌ష్మిట్ వీధిలోని సంగీతకర్త మెండెల్సన్ ఇంటికి వెళ్లాను. 1835లో ఇరవయ్యారేళ్ల వయసులో ఈ ఆర్కెస్ట్రా పగ్గాలు పట్టి, 1847లో ఇదే ఇంట్లో కన్నుమూశాడు. ఆయన గీసిన నీటిరంగుల బొమ్మలు చూస్తే, సంగీతం రాకపోయినా బతికేసేవాడనిపించింది. సంగీతకర్త షూబెర్ట్ చనిపోయిన పదకొండేళ్లకు, ఆయన అన్నగారింట్లో మరో సంగీతకర్త షూమన్ కంట పడిన పెద్ద సింఫనీని 1839లో మొదటిసారి వినిపించింది మెండెల్సనే. అంతవరకూ అది కాగితాల్లోనే నిద్రపోయింది.

ఆ ఇంట్లో ఒక గదిలో నిలువెత్తు స్పీకర్లు వాద్యకారుల్లా బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో వాద్యవర్గం. ఆర్కెస్ట్రాను నడిపించే చిన్న దండం మన చేతికి ఇస్తారు. ఊపితే సంగీతం మొదలవుతుంది, వేగం మన చేతిదే. నేను అలవాటు కొద్దీ ఆదితాళం పట్టినట్టు చెయ్యి తిప్పాను. వయొలిన్లు పరుగెత్తాయి. కంగారులో చెయ్యి నెమ్మది చేశాను, ఆర్కెస్ట్రా మొత్తం ఎడ్లబండిలా కాళ్లీడ్చింది. వెనక నిలబడ్డ చిన్నపిల్ల పకపకా నవ్వి దండం తీసుకుంది. తను చక్కగా నడిపించింది.

సెయింట్ థామస్ చర్చి ఎదుట మెండెల్సన్ విగ్రహం ఉంది. చూడగానే పాతదనుకున్నాను కానీ 2008లో నిలిపిన ప్రతిరూపం. మొదటిది 1892 నాటిది, బృందం తర్వాత మారిన రెండో గెవాంట్‌హౌస్ హాలు ముందు ఉండేది. ఆయన యూదు కుటుంబంలో పుట్టాడన్న కారణానికి 1936 నవంబరులో, మేయరు గోర్డెలర్ ఊళ్లో లేని సమయం చూసి నాజీలు పెకిలించారు. గోర్డెలర్ పదవి వదిలేశాడు. హిట్లర్‌ను కూలదోసే కుట్రలో పాలుపంచుకున్నందుకు 1945లో ఆయన్ను చంపేశారు. అంతకు ముందే, 1933లో, ఈ బృందాన్ని నడిపిస్తున్న బ్రూనో వాల్టర్‌ను కూడా యూదుడని కచేరీ చేయనివ్వలేదు. ఆ రెండో హాలు గోడ మీద కూడా సెనెకా మాట ఉంది.

1884 నాటి ఆ రెండో హాలు యుద్ధంలో బాంబులకు దెబ్బతింది. శిథిలాన్ని 1968లో తొలగించారు. అప్పటికే జంతుప్రదర్శనశాల పక్కనున్న కాంగ్రెస్ హాల్లో కాలక్షేపం చేస్తున్నారు. ఇప్పటి హాలు 1981 అక్టోబరు 8న తెరిచారు. అప్పట్లో ఈ ఆర్కెస్ట్రాను నడిపిస్తున్న కుర్ట్ మసూర్ గొంతే, 1989 అక్టోబరు 9న తూర్పు జర్మనీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా దాదాపు డెబ్బై వేల మంది వీధుల్లోకి వచ్చిన సాయంత్రం, లౌడ్‌స్పీకర్లలో వినిపించింది. ఆయనతో కలిపి ఆరుగురి పేరిట, హింస వద్దన్న విన్నపం అది. తుపాకులు పేలలేదు. మసూర్ ఒక్కడివల్లే అని నేననను, కానీ ఆ పూట ఊరు నమ్మిన గొంతు సంగీతకారుడిది కావడం చిన్న సంగతి కాదు.

శనివారం సెయింట్ థామస్ చర్చిలో సంగీతకర్త బాక్ కాంటాటా, అంటే గాయకులూ వాద్యాలూ కలిసి వినిపించే భక్తి సంగీతం, ఉంది. గెవాంట్‌హౌస్ వాద్యకారులు హాల్లోనూ ఒపేరాలోనూ వాయించి, ఇక్కడ బాలుర గాయక బృందానికి తోడుగా కూడా వస్తారు. పాడేవారు, వాయించేవారు వెనక గ్యాలరీలో ఉంటారు, మనం బలిపీఠం వైపు చూస్తూ కూర్చోవాలి. వీపుకు సంగీతం తగలడం నాకు కొత్త. తొడ మీద తాళం వేస్తున్నానని పక్కావిడ చూసేదాకా తెలియలేదు. ఆమె కసురుకోలేదు, చేతిసంచి కాస్త జరిపి నా చేతికి చోటిచ్చింది.

అయిపోయాక చప్పట్లు లేవు. బయటకు వస్తుంటే వయొలిన్ పెట్టె వీపున తగిలించుకున్న ఒకావిడ మెట్లు దిగి, సైకిలు తాళం తీసి, ఒపేరా ఉన్న ఆగస్టుస్‌ప్లాట్జ్ వైపు తొక్కుకుంటూ వెళ్లిపోయింది. సాయంత్రం అక్కడ ఆట ఉందేమో.