సిరిమాను ముందు ఒక శ్లోకం

సులభాః పురుషా రాజన్ సతతం ప్రియవాదినః
అప్రియస్య చ పథ్యస్య వక్తా శ్రోతా చ దుర్లభః

అరణ్యకాండలో మారీచుడు రావణుడితో అన్న మాట ఇది. రాజా, నీకు నచ్చేలా మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ దొరుకుతారు. చేదుగా ఉన్నా మేలు చేసే మాట చెప్పేవాడూ దొరకడు, వినేవాడూ దొరకడు అని. చెప్పిన మారీచుడే చివరికి ప్రాణభయంతో బంగారు లేడి అయ్యాడనుకోండి! యుద్ధకాండలో విభీషణుడూ ఇదే మాట అని, అన్న సభ విడిచి వెళ్ళిపోయాడు.

మా విజయనగరం పైడితల్లి అమ్మవారి కథ ఈ రెండిటికీ భిన్నం. 1757లో విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీతో కలిసి బొబ్బిలి మీదకి బయల్దేరుతుంటే, చెల్లెలు పైడిమాంబ యుద్ధం వద్దని బతిమాలిందని ఇక్కడ పెద్దలు చెప్తారు. రాజు వినలేదు. ఆమె అన్నకి లొంగలేదు, అన్నని వదిలిపోనూ లేదు. బొబ్బిలి కోట పడింది, అక్కడి ఆడవాళ్ళూ పిల్లలూ లోపలే ప్రాణాలు విడిచారు. గెలిచిన రాజు తన డేరాలోనే తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు. ఆ కబురు విని ఆమె పెద్దచెరువులో అమ్మవారుగా వెలిసిందని నమ్మకం.

దసరా తర్వాత మంగళవారం మా ఊరి మూడులాంతర్ల కూడలి దగ్గర నిలబడితే, సిరిమాను అనే పొడవాటి చెట్టుమాను కొసన కూర్చున్న పూజారి మీదకి జనం అరటిపళ్ళు విసురుతుంటారు. మాను విజయనగరం కోటదాకా వెళ్ళి వస్తుంది, మూడుసార్లు. కోట బురుజు మీద నుంచి రాజకుటుంబం దర్శనం చేసుకుంటుంది. యుద్ధం వద్దన్న ఆడపడుచుకి ఇంత పెద్ద జాతర ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు.

అమెరికా చట్టసభలో జెన్నెట్ రాంకిన్ అనే సభ్యురాలికి మాత్రం తిట్లే దక్కాయి. 1917లో మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగొద్దని ఓటేసినప్పుడు ఆమెతో కలిపి ప్రతినిధుల సభలో 50 మంది ఉన్నారు. 1941లో పెర్ల్ హార్బర్ దాడి మర్నాడు జపాన్‌పై యుద్ధానికి అనుకూలంగా 388 ఓట్లు పడితే, వద్దన్నది ఆమె ఒక్కర్తే. ఆ రోజు ఆమె చెప్పింది సరైనదా అంటే నేను అవునని అనలేను. రాయబారం విఫలమయ్యాక కృష్ణుడే పగ్గాలు పట్టాడు కదా. కానీ వద్దన్నవాళ్ళని ద్రోహులనడం వేరే సంగతి. టీవీ పెడితే ఇప్పుడూ అదే గోల.

పిల్లలకి బొబ్బిలి కథ చెప్పేటప్పుడు పాపారాయుడి కత్తితో మొదలుపెడతాం. ఈ ఏడు మా ఇంట్లో చెల్లెలి మాటతో మొదలుపెడతాను. "మరి రాజుగారు ఎందుకు వినలేదు?" అని వెంటనే అడుగుతారు. బుస్సీ ఫిరంగులు పక్కనే ఉన్నాయి కదమ్మా, అని చెప్పాలి.