పాత క్యాంపర్‌వ్యాన్ మైలేజీ పడిపోతే ముందు టెంపరేచర్ ముల్లు చూడండి

పాత క్యాంపర్‌వ్యాన్ ఇంధనం ఎక్కువ తాగుతోందంటే అందరి చెయ్యీ ముందు ఇంజెక్టర్ల మీదికో కార్బ్యురేటర్ మీదికో పోతుంది. నేనైతే టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలబడుతోందని అడుగుతాను. ఇంజన్ కాగిపోతే ఎవరైనా బండి ఆపేస్తారు. అసలు వేడెక్కకపోతే మాత్రం ఎవరూ పట్టించుకోరు, చల్లగా నడుస్తోందని సంతోషిస్తారు కూడా. మైలేజీ చాలాసార్లు పోయేది అక్కడే.

ముందు లెక్క తేల్చుకోండి. నాజిల్ మొదటిసారి కట్ అయ్యేదాకా ట్యాంకు నింపి, కనీసం 300 కిలోమీటర్లు తిప్పి, అదే పంపులో అలాగే నింపండి. 36 లీటర్లు పట్టిందంటే లీటరుకు 8.3 కిలోమీటర్లు వస్తోందన్నమాట. టైర్ల సైజు మారి ఉంటే ఓడోమీటర్‌ను నమ్మకండి, దూరం జీపీఎస్‌తో సరిచూసుకోండి.

ఇక థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఆపే వాల్వు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్ స్టార్ట్ చేసి, బెల్టుకూ ఫ్యాన్‌కూ దూరంగా, రేడియేటర్ పై హోస్ పట్టుకోండి. థర్మోస్టాట్ ఇంజన్ నుంచి నీళ్లు బయటికొచ్చే వైపు ఉన్న బండ్లలో ఆ హోస్ చాలాసేపు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా కాలాలి. అలా కాకుండా మొదటి నిమిషాల నుంచే కొద్దికొద్దిగా వెచ్చబడుతుంటే వాల్వు తెరుచుకుని ఉండిపోయినట్టే. హైవే ఎక్కగానే ముల్లు కిందికి జారడం, ట్రాఫిక్‌లో మళ్లీ లేవడం, క్యాబిన్ హీటర్ గోరువెచ్చగా ఊదడం కూడా దాని లక్షణాలే.

విప్పి గిన్నె నీళ్లలో పరీక్షించవచ్చు. మూసుకున్న వాల్వు అంచులో దారం ఇరికించి, గిన్నె అడుగుకు తగలకుండా వేలాడదీయండి. పక్కనే థర్మామీటర్ పెట్టి నీళ్లు కాచండి. వాల్వు తెరుచుకోగానే దారం జారి థర్మోస్టాట్ కిందపడుతుంది. ఆ క్షణంలో ఉన్న వేడికీ దానిమీద ముద్రించిన అంకెకూ (82, 87, 88 ఎక్కువగా కనిపిస్తాయి) రెండు మూడు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. అసలు దారమే నిలవడం లేదంటే వాల్వు మూసుకోవడం లేదు. సీటు మీద తుప్పు రవ్వ ఇరుక్కున్నా ఇదే జరుగుతుంది. థర్మోస్టాట్ తీసేసి బండి నడపమనే సలహా మాత్రం వినకండి. ఇంజన్ చల్లగా ఉన్నంతకాలం ఇంజెక్షన్ బండిలో కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, నీళ్ల వేడితో పనిచేసే ఆటో చోక్ పూర్తిగా తెరుచుకోదు, ఆయిల్ చిక్కగా ఉండి లోపల రాపిడి పెరుగుతుంది.

ముల్లు సరిగ్గానే ఉన్నా పని అయిపోలేదు. చాలా బండ్లలో గేజీకి ఒక సెన్సర్, కంప్యూటర్‌కు మరొకటి ఉంటాయి. రెండోది పాడైతే ఇంజన్ కాగి ఉన్నా చల్లగా ఉందనే సమాచారం పోతుంది. ప్లగ్గులు మసిపట్టి నల్లబడతాయి. మల్టీమీటర్ పెడితే సాధారణంగా 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్‌లు, 80 దగ్గర సుమారు 300 ఓమ్‌లు చూపాలి. మీ ఇంజన్ మాన్యువల్ అంకెలతో పోల్చుకోండి.

వేడెక్కే బండి అయితే ఎప్పుడు వేడెక్కుతోందో గమనించండి. ఆగి ఉన్నప్పుడైతే ఫ్యాన్ చూడండి. విస్కస్ ఫ్యాన్‌ను (వేడెక్కితే పట్టుకునే ద్రవపు క్లచ్ ఉన్న ఫ్యాన్), వేడి ఇంజన్ ఆపేశాక, చేత్తో తిప్పితే బరువుగా తిరగాలి. గిర్రున తిరిగితే ఆ ఫ్యాన్ క్లచ్ పోయింది. ఎప్పుడూ హోరుమంటూ పట్టేసి ఉంటే అదీ ఇంధనం తాగుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడూ, వేగంగా పోయేటప్పుడూ మాత్రమే వేడెక్కితే రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉండవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో దాని ముఖమంతా చూస్తే పూడిన చోట చల్లగా కనిపిస్తుంది. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడండి. మూత ఒత్తిడి నిలపకపోతే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. వేడిమీద మూత ఎప్పుడూ తీయకండి.

హెడ్ గాస్కెట్ (సిలిండర్ హెడ్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానం ఉంటే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోపే హోస్ నొక్కండి. నీళ్లు ఇంకా వేడెక్కకముందే హోస్ గట్టిపడితే, ఆ ఒత్తిడి సిలిండర్ నుంచి వస్తున్న గ్యాసుదే అని అనుమానించాలి. ఆయిల్ మూత కింద తెల్లటి జిడ్డు కనిపిస్తే మాత్రం కంగారు వద్దు. చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో తేమ వల్ల కూడా అది వస్తుంది.

నీళ్లు మార్చాక ఎయిర్ తీయడం ముఖ్యం. నీళ్లతో చల్లబడే ఫోక్స్‌వ్యాగన్ టీ3 లాంటి వాటిలో ఇంజన్ వెనక, రేడియేటర్ ముందు ఉంటాయి. బండి ముందు భాగం పైకెత్తి, రేడియేటర్ బ్లీడ్ స్క్రూ నుంచి బుడగలు లేకుండా నీళ్లు వచ్చేదాకా నింపాలి.

ఇవన్నీ బాగుండి కూడా మైలేజీ రాకపోతే చక్రాల దగ్గరికి పోండి. పది కిలోమీటర్లు బ్రేకు తక్కువగా వాడి నడిపి, ఆపి, నాలుగు హబ్బుల వేడీ కొలవండి. ఒకటి మిగతావాటికంటే బాగా కాగి ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. కాలిపర్ పిన్నులు తుప్పుపట్టాయేమో, వెనక చక్రమైతే హ్యాండ్‌బ్రేకు కేబులు వెనక్కి రావడం లేదేమో చూడండి.