చెట్ల పాదుల్లో ఏది పరచాలి?

ఎండలు ముదిరేసరికి మొక్కలు పెంచేవారంతా మల్చింగ్ గురించి, అంటే పాదులోని నేలను ఏదో ఒకటి పరిచి కప్పడం గురించి, మాట్లాడతారు గానీ, ఏది పరిచినా ఒకటే అన్నట్లు చేతికందిన చెత్తను పాదులో పోసి ఊరుకుంటారు. నేలలోని తేమను నిలపడం, కలుపును అణచడం, పై వేళ్లకు ఎండ సెగ తగలకుండా కాయడం అన్నిటికీ ఉమ్మడి పనే అయినా, ఎంత త్వరగా చివికిపోతుందన్న విషయంలో దేని తీరు దానిదే. నేను మొదట చూసేది ఆ తీరునే, ఆ తరువాతే నేలను.

పచ్చిరొట్ట ఎరువు కోసం పెంచే గ్లైరిసీడియా చెట్టు రొట్ట కొద్ది వారాల్లోనే చివికి మట్టిలో కలిసిపోతుంది. దానిలోని నత్రజని నేలకు అందుతుంది కాబట్టి ఎదిగే వయసులోని మందారానికీ, కరివేపాకుకూ అది ఎరువుగానే పనికివస్తుంది. అయితే మే నెల ఎండకు నేలను కప్పడానికి ఏమీ మిగలదు. వరిగడ్డి వేసవంతా నిలుస్తుంది గానీ, సరిగా నూర్చని గడ్డి అయితే తొలకరికి పాదు నిండా వరి మొలకలే. రంపపు పొట్టులో కర్బనం మరీ ఎక్కువ, నత్రజని మరీ తక్కువ. దానిని పైన పలుచగా పరిస్తే ఇబ్బంది లేదు. మట్టిలో కలిపితే మాత్రం, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని నేల నుంచే లాక్కుంటాయి, మొక్క ఆకులు పసుపు బారతాయి. మందంగా పోస్తే అది అట్టకట్టి నీటిని కిందికి దిగనివ్వదు.

నాకు అన్నిటికంటే నచ్చేది కొబ్బరి డొక్క. త్వరగా కుళ్లదు, తన బరువుకు కొన్ని రెట్ల నీరు పట్టి ఉంచుతుంది, చివికే కొద్దీ పొటాష్‌నూ ఇస్తుంది. పరిచే పద్ధతి తెలియాలి: పాదు మీద వేసేటప్పుడు పీచు వైపు నేలకు ఆనాలి, నున్నని బొర్ర వైపు ఆకాశాన్ని చూడాలి. అప్పుడే ఆవిరి ఆగుతుంది, డొక్కలో నీరు నిలిచి దోమలు పెరగవు. గోతిలో పూడ్చేటప్పుడు మాత్రం ఇందుకు సరిగ్గా తిరగేసి, పీచు వైపు పైకి ఉంచుతారు; అక్కడ కావలసింది వాన నీటిని పట్టుకోవడం. డొక్కల కింద తేళ్లు చేరతాయి కాబట్టి చేయి పెట్టే ముందు కర్రతో కదపడం మంచిది.

ఇక నేల సంగతి. ఎర్ర చల్కల్లో చెదల బెడద ఎక్కువ. ఎండు పుల్లల కోసం వచ్చిన చెదలు లేత మొక్క బెరడునూ వదలవు కనుక, అక్కడ పుల్లల చెత్త తగ్గించి కొంత వేపపిండి చల్లుతాను. నల్లరేగడిలో చిక్కు వానాకాలంలో వస్తుంది. అసలే నీరు త్వరగా ఇంకని నేలకు దట్టమైన కప్పు తోడైతే వేళ్లకు గాలి ఆడదు. నిమ్మ, బత్తాయి చెట్లకు మొదలు దగ్గర ఎడతెగని తడి ఉంటే బెరడు కుళ్లి బంక కారే బంక తెగులుకు దారి ఇచ్చినట్లే. అందుచేత నేల ఏదైనా మొదలు చుట్టూ జానెడు మేర ఖాళీగా ఉంచి, ఆ అవతల రెండు నుంచి నాలుగు అంగుళాల మందాన పరచాలి. మొదలు చుట్టూ చెత్తను పుట్టలా ఎగదోసే అలవాటు చాలా ఇళ్లలో చూస్తాను, అది చెట్టుకు చేటే.

పండ్ల తోటల్లో వాడే 100 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు కలుపును బాగానే ఆపుతుంది. కానీ కింద డ్రిప్ ఉండాలి, పైగా అది నేలకు ఇచ్చేదేమీ లేదు. గులకరాళ్లు అందానికే.

మామిడి కింద రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టడం నాకు మింగుడుపడని విషయం. తెగులు మచ్చలున్న ఆకును ఏరివేసి, మిగిలినదంతా పాదులోనే ఉంచవచ్చు. అయితే పూతకు ముందు మామిడికి నేల కొంత ఆరాలి కాబట్టి, పిందెలు బఠాణీ గింజంత అయ్యి మళ్లీ నీరు పెట్టే వేళ వరకూ ఆగి, ముందు పాదును బాగా తడిపి, ఆ తడి మీదే ఆకు పరుస్తాను.