ముడతల కోసం ఎదురుచూపు

మేడ దిగుతూ, మెట్లు అయిపోయాయనుకుని అడుగు వేశాను. ఇంకొకటి ఉంది. పాదం లోపలికి మడతపడింది, ఒళ్లు మాత్రం అటు తిరిగిపోయింది. "బెణికిందిలే వదినా, పట్టు వేస్తే సర్దుకుంటుంది" అంది ఆడపడుచు.

ఆసుపత్రిలో డాక్టరు గారు ముందుగా చీలమండ బయటి గుబ్బ వెనక అంచును బొటనవేలితో నొక్కారు. కెవ్వుమన్నాను. నాలుగడుగులు వేయమన్నారు. నా వల్ల కాలేదు. అప్పుడు ఎక్స్‌రే తీయించారు. చీలమండకు రెండు వైపులా ఉన్న గుబ్బలు రెండూ విరిగాయి. మోపిన పాదం మీద ఒళ్లు మెలితిరిగితే ఎముకల్లో ముందు పోయేది బయటిదేనట, మెలి ఆగకపోతే లోపలిదీ పోతుందట.

ఆపరేషన్ వెంటనే చేయలేదు. వాచిన కాలిని కోస్తే గాయం సరిగా మానదు, చర్మం మీద ముడతలు కనిపించాక చూద్దామన్నారు. కాలు దిండ్ల మీద పెట్టుకుని, బిగిసి నిగనిగలాడే ఆ చర్మాన్ని పొద్దునా సాయంత్రమూ పరీక్షగా చూసుకునేదాన్ని. యాభై దాటిన ఆడమనిషి ముడతల కోసం ఇంతగా తపించడం ఎక్కడైనా ఉందా!

పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మంది పుత్తూరు కట్టు కట్టించమన్నారు. ఎముక చోటు తప్పకుండా ఉంటే తానూ పిండికట్టుతోనే పంపేవాణ్నని డాక్టరు గారు అన్నారు. నాకు కీలు పక్కకు జరిగింది. ఒక్క మిల్లీమీటరు జరిగినా కీలులో ఎముకలు ఆనుకునే చోటు సగటున 42 శాతం తగ్గుతుందని 1976లోనే కొలిచి చూపారట. అది విన్నాక, ఎముకలను బిగించే లోహపు ప్లేటుకు సంతకం పెట్టేశాను.

మిగతా సగం మంది క్యాల్షియం తక్కువని తేల్చారు. తుంటి విరిగితే ఎముకలు గుల్లబారాయని ముందు అనుమానిస్తారు గానీ, చీలమండకు ఆ లంకె అంత గట్టిది కాదట. కుర్రాళ్లకు ఆటలూ బళ్లూ, నా వయసు వాళ్లకు ఇలాంటి చిన్న తడబాట్లూ ఒంటి బరువూ ముఖ్య కారణాలట. బరువు సంగతి డాక్టరు గారు తప్ప ఎవరూ నా ముఖం మీద అనలేదు. పైగా నాకు షుగరు. గాయం మానడానికీ ఎముక అతకడానికీ అది అడ్డమే. అందుకే కాలు మోపడానికి మామూలుకంటే ఆలస్యంగా అనుమతి ఇచ్చారు.

ఫిజియోథెరపీలో తువ్వాలును పాదానికి తగిలించి ముందుకు లాక్కోవడం దగ్గరే కళ్లనీళ్లు వచ్చేవి. సాయంత్రం వాపు నెలల తరబడి వదల్లేదు. ప్లేటు తీయించుకోవాలా అని అడిగితే, ఇబ్బంది పెడితే తప్ప అక్కర్లేదన్నారు. చెప్పు పట్టీ దానికి ఒరుసుకుంటోంది, నేను చెప్పులే మార్చుకున్నాను.