వాతాపి జంటల మధ్య

కర్ణాటకలోని బాదామి, పట్టదకల్, ఐహోళె చూసి వచ్చినవారు సాధారణంగా గుహల్లోని నటరాజు గురించీ, గుడుల శిఖరాల గురించీ చెబుతారు. నేను ఈ మూడు చోట్లా ఎక్కువసేపు నిలబడి చూసింది స్తంభాల మీదా, స్తంభాల తలల దగ్గరా చెక్కిన స్త్రీపురుషుల జంటలను. చాళుక్య శిల్పులు ఇన్ని జంటలను చెక్కి, ఏ రెండింటినీ ఒకేలా ఎందుకు నిలబెట్టలేదన్న ఆలోచన మొదటి గుహ దగ్గరే మనసులో పడింది. దానికి కారణం కొంత శిల్పం, కొంత నా పక్కనున్న మనిషి.

మా వారికి ప్రేమ నోట్లోనూ చేతుల్లోనూ ఉంటుంది. నలుగురిలో ఉన్నా చెయ్యి పట్టుకుని నడుస్తారు, బాగున్నదాన్ని బాగుందని పదిసార్లు అంటారు, తనకు కనిపించిన ప్రతి వింతనూ నేను కూడా చూసేదాకా ఊరుకోరు. నాది సంచిలో ఉంటుంది. ఆయన మోకాలి పట్టీ, వేళకు వేసుకోవలసిన మాత్రలు, రెండో నీళ్ల సీసా, తిరుగు బస్సుల వేళలు రాసుకున్న కాగితం అన్నీ అందులోనే. నా నోట తీపి మాట రావడం ఎంత కష్టమో, ఆయన చేత ఒక సంచి సర్దించడం అంతకన్నా కష్టం.

‘జీర్ణం వాతాపి జీర్ణం’ అని చిన్నప్పటినుంచి విన్న వాతాపే నేటి బాదామి. ఎర్రటి ఇసుకరాతి కొండ నిటారుగా లేచి ఉంటుంది, దాని కడుపులో తొలిచిన నాలుగు గుహలు మెట్ల వరుస వెంట ఒకదాని తరువాత ఒకటి వస్తాయి, కింద అగస్త్య తీర్థం పరుచుకుని కనిపిస్తుంది. మెట్లు ఎత్తుగా ఉన్నాయి. ఎక్కేటప్పుడు నేను ఆయనకు ఒక మెట్టు వెనక, దిగేటప్పుడు ఒక మెట్టు ముందు ఉన్నాను. ఆయన జారితే నేను ఆపగలిగేది అలా ఉన్నప్పుడే. పైగా సంచి మీద కోతుల చూపు పడకుండా దాన్ని పొట్టకు అదుముకుని నడవాలి. ఇంత పనిలో ఉన్న నన్ను పట్టుకుని మలుపు మలుపుకూ “ఇటు చూడవోయ్, చెరువు రంగు మారింది” అంటారాయన. “చూస్తానండీ, ముందు మీరు మెట్టు చూసుకోండి” అంటాను నేను. ఎవరైనా వింటే చిరాకు పడుతున్నాననుకుంటారు గానీ, ఆ మాట ఏమిటో ఆయనకు తెలుసు.

మొదటి గుహలో అర్ధనారీశ్వర మూర్తి ఉంది. భార్యాభర్తలు ఒకటైపోవాలని చెప్పడానికి అందరూ ఈ రూపాన్నే ఉదాహరణగా తెస్తారు కదా. దగ్గరకు వెళ్లి చూస్తే శిల్పి చేసింది ఇంచుమించు దానికి ఎదురు. ఒకే దేహంలో కుడి సగం, ఎడమ సగం తలకట్టులోనూ, నగల్లోనూ, దుస్తుల్లోనూ స్పష్టంగా వేరువేరుగా ఉన్నాయి. ఒకరిలో ఒకరు కరిగిపోయిన గుర్తు ఎక్కడా లేదు.

మూడవ గుహ అన్నిటికన్నా పెద్దది, జంటలకు అదే పుట్టిల్లు. వరండా స్తంభాలు పైకప్పును మోసే చోట, చెట్ల నీడన నిలబడిన దంపతులను చెక్కారు. ఒక జంటలో ఆమె తన బరువంతా అతని మీదికి వాల్చి నిలబడింది, అతని చెయ్యి ఆమె నడుమును చుట్టి ఉంది. ఇంకొక జంటలో ఇద్దరూ తాకీ తాకనట్టు పక్కపక్కనే ఉన్నారు, తలలు మాత్రం ఒకరివైపు ఒకరికి వంగి ఉన్నాయి. మెడ నొప్పి పుట్టేదాకా తల ఎత్తి చూశాం. మా వారికి మొదటి జంట నచ్చింది, నాకు రెండవది. మొదటి జంటలో అతగాడు అంత బరువు మోస్తూ ఎంతసేపు నిలబడగలడా అని నాకు అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని పైకి అన్నందుకు ఆయన చాలాసేపు నవ్వారు.

ఆ గుహలోనే 578వ సంవత్సరపు శాసనం ఉంది. ఆ గుహను తొలిపించిన మంగళేశుడు దాని వల్ల వచ్చే పుణ్యాన్ని తన అన్న, చాళుక్య రాజు కీర్తివర్మకు ధారపోసి, అన్నకు సేవ చేసిన ఫలం మాత్రం తనకు దక్కితే చాలన్నాడు. దంపతుల మధ్య కాకపోయినా, ఇదీ అభిమానాన్ని చెప్పుకునే ఒక తీరే. కాకపోతే అదే మంగళేశుడు తరువాత అన్న కొడుకు రెండవ పులకేశికి రాజ్యం ఇవ్వనని పట్టుబట్టి, ఆ పోరులోనే పోయాడు. రాతి మీద రాసిన అభిమానాన్ని పూర్తిగా నమ్మలేమని మా వారితో అంటే, “మాటలను నమ్మవు, రాతనూ నమ్మవు, నీతో వేగడం ఎలా?” అన్నారు.

బాదామి నుంచి పట్టదకల్ 22 కిలోమీటర్లు. దారిలో ఆయన, తను ఎక్కడో చదివిన సంగతి ఎత్తారు. గ్యారీ చాప్‌మన్ అనే అమెరికన్ సలహాదారు 1992లో మనుషులు ప్రేమను తెలిపే తీరులను ఐదుగా విడదీశాడట. మెచ్చుకోలు మాటలు, కలిసి గడిపే సమయం, కానుకలు, చేసిపెట్టే పనులు, స్పర్శ. ప్రతి మనిషికీ వీటిలో ఒకటి ముఖ్యమైనదని చాప్‌మన్ సిద్ధాంతం. నువ్వు నాలుగో రకం, నేను ఒకటీ ఐదూ అని మా వారు తేల్చేశారు. నాకు ఇలాంటి గదులు నచ్చవు. 2024లో కెనడా పరిశోధకులు అప్పటివరకూ జరిగిన అధ్యయనాలను పరిశీలించి, మనిషికి ఒకటే ముఖ్యమన్న మాటకు బలమైన ఆధారం లేదనీ, విడివిడిగా అడిగితే జనం ఐదింటినీ కావాలనే అంటారనీ రాశారు. అదే నేను చెప్పాను. చెయ్యి పట్టుకుంటే నాకు మాత్రం చేదా?

ఆయన ఊరుకోలేదు, జాన్ గాట్‌మన్ పరిశోధనను ముందుకు తెచ్చారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఈ మనస్తత్వ శాస్త్రవేత్త 1990లో ఇల్లులాంటి ప్రయోగశాల ఏర్పాటు చేసి, కొత్తగా పెళ్లయిన జంటలు అక్కడ గడుపుతుంటే గమనించాడు. ‘అదిగో చూడు’ లాంటి చిన్న పిలుపుకు అవతలివారు తల తిప్పుతారా లేదా అన్నదే గాట్‌మన్ లెక్క. ఆరేళ్ల తరువాత కలిసి ఉన్న జంటలు ఆ పిలుపులకు నూటికి 86 సార్లు స్పందించినవారు, విడిపోయినవారు 33 సార్లే. ఈ అంకెలు చెప్పి మా వారు నావైపు అదోలా చూశారు, మెట్ల మీద నేను ఎన్నిసార్లు చెరువువైపు తిరిగానో గుర్తుచేస్తున్నట్టు. పిలుపుల సంగతి గాట్‌మన్ బాగా పట్టుకున్నాడని నేనూ ఒప్పుకుంటాను. అయితే ముందు రాత్రే సంచిలో పెట్టిన మాత్రకు పిలుపు ఏదీ, దానికి స్పందన ఏదీ? పిలవక ముందే జరిగిపోయే పనులు ఏ ప్రయోగశాల కెమెరాకూ అందవు. మా బస్సు చర్చ అక్కడ ఆగింది, పట్టదకల్ వచ్చేసింది.

మలప్రభ ఒడ్డున ఒకే ఆవరణలో గుడులన్నీ గుంపుగా ఉంటాయి. వాటిలో రెండింటి కోసమే నేను ఈ ప్రయాణానికి పట్టుబట్టాను. చాళుక్య రాజు రెండవ విక్రమాదిత్యుడు పల్లవుల రాజధాని కంచి మీద మూడుసార్లు గెలిచాడని శాసనం. ఆ గెలుపు గుర్తుగా పట్టపురాణి లోకమహాదేవి ఎనిమిదవ శతాబ్దంలో లోకేశ్వరాలయం కట్టించింది. అదే నేటి విరూపాక్ష ఆలయం. ఆమె చెల్లెలు, అదే రాజుకు మరొక రాణి అయిన త్రైలోక్యమహాదేవి పక్కనే త్రైలోకేశ్వరం కట్టించింది, ఇప్పుడు దాని పేరు మల్లికార్జునాలయం. ఒకే మగనికి, ఒకే గెలుపుకు, అక్కాచెల్లెళ్లు ఇద్దరూ రాయినే ఎంచుకున్నారు. కొలతలో చెల్లెలిది కాస్త చిన్నది. అక్క గుడి శిఖరం చదరంగా ఉంటే, చెల్లెలి గుడి శిఖరం గుండ్రంగా ఉంది. ఆ తేడా ఎవరి ఇష్టమో, రాణులదో శిల్పులదో చెప్పలేం గానీ, రెండింటి మధ్య నిలబడి అటూ ఇటూ చూస్తే పోలిక కన్నా తేడాయే ముందు కంటికి ఆనుతుంది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది వేరొక విషయం. కంచిని గెలిచిన విక్రమాదిత్యుడు ఆ నగరాన్ని నాశనం చెయ్యలేదు. అక్కడి కైలాసనాథ ఆలయ సంపదను చూసి, ఆ బంగారాన్ని తిరిగి దేవుడికే ఇచ్చేసి, ఆ మాటను అదే గుడిలో కన్నడంలో చెక్కించాడు. విరూపాక్ష ఆలయానికి ఆ కంచి గుడితో పోలికలున్నాయని కళా చరిత్రకారులు అంటారు. భర్త దూరదేశంలో ఏది చూసి ముగ్ధుడై వట్టి చేతులతో తిరిగి వచ్చాడో, అలాంటిదాన్ని భార్య ఇంటి దగ్గర నిలబెట్టిందన్నమాట. ఇది నా ఊహ. శాసనంలో గెలుపు ఉంది, గుడి కట్టిన స్థపతి గుండనికి ఇచ్చిన బిరుదులున్నాయి, మమకారం ప్రస్తావన లేదు. రాచరికపు ఆడంబరం, భక్తి, సవతుల పోటీ, అన్నీ ఆ రాళ్లలో కలిసే ఉంటాయి, అందులో ప్రేమ పాలు ఎంతో తూచలేం. అయినా అవతలి మనిషి కళ్లు ఎక్కడ ఆగాయో కనిపెట్టి, అడగకుండానే దాన్ని తెచ్చిపెట్టడం నాకు బాగా తెలిసిన పని. ఇంత పని చేసి గుడికి తన పేరే పెట్టుకుంది చూశావా అని మా వారు అన్నారు. పెట్టుకోనివ్వండి అన్నాను.

విరూపాక్షంలో లోపలి మండపం మసకగా ఉంటుంది. స్తంభాల మీద పట్టీలు పట్టీలుగా రామాయణ, భారత కథలున్నాయి. నేను ఫోన్ దీపం వెలిగించి పట్టుకున్నాను, ఆయన కథ చెప్పారు. సీతను రావణుడు ఎత్తుకుపోతున్న చోట దీపాన్ని కొద్దిగా పక్కకు జరిపితే జటాయువు ముక్కు కనిపించింది. ఆయన మాట ఎక్కడికి పోతే నా వెలుగు అక్కడికి పోయింది, కొన్నిచోట్ల నా వెలుగు పడ్డ చోటికే ఆయన కథ వచ్చింది. పక్కన ఉన్న ఒక చిన్న కుటుంబం కూడా మా వెనకే నడిచింది. చెయ్యి నొప్పి పుట్టి దీపం చేయి మార్చుకుంటుంటే, ఆయన ఏమీ అనకుండా సంచి తన భుజానికి తగిలించుకున్నారు. తిరిగి ఇస్తారేమోనని చూశాను, ఇవ్వలేదు.

ఐహోళెను కొంచెం తొందరగానే చూశాం. దుర్గాలయం వెనుకభాగం అర్ధచంద్రాకారంగా తిరిగి ఉంటుంది, ముఖమండప స్తంభాల మీద మళ్లీ జంటలు. లాడ్‌ఖాన్ గుడి స్తంభాల మీదా జంటలే. ఎండ మండిపోతున్నా మా వారు స్తంభం స్తంభానికీ వెళ్లి, “వీళ్లు అలిగారు, వీళ్లకు నిన్ననే పెళ్లయింది” అంటూ పేర్లు పెట్టారు. అలిగారన్న జంట నాకు అలిగినట్టు కనిపించలేదు. ఆమె అతని భుజం మీదుగా ఎటో చూస్తోంది, ఎవరైనా వస్తున్నారేమోనని కాపలా కాస్తున్నట్టు. ఆ మాట అంటే ఆయన మళ్లీ వెనక్కి వెళ్లి చూసి, నిజమే సుమా అన్నారు.

భర్త భార్య కోసం కట్టిన తాజ్‌మహల్ లోకమంతటికీ తెలుసు. భార్యలు భర్తల కోసం కట్టించినవి అంతగా ప్రచారంలో లేవు. గుజరాత్‌లోని పాటణ్‌లో పదకొండవ శతాబ్దంలో రాణి ఉదయమతి, భర్త భీమదేవుడి జ్ఞాపకంగా కట్టించిన దిగుడుబావి ఉంది. పేరు రాణీ కీ వావ్, 2014లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సమాధి కాదు, గుడి కాదు, నలుగురికీ నీళ్లిచ్చే బావి. నా వరసకు దగ్గరగా ఉన్నది అదేనని చెప్పాను. అయితే ఈసారి అక్కడికే అని మా వారు అప్పటికప్పుడే రైళ్లు వెతకడం మొదలుపెట్టారు. నేను వెతికింది మాత్రం ఆ ఏడంతస్తుల బావిలోకి దిగడానికి ఎన్ని మెట్లున్నాయో, మధ్యలో కూర్చోవడానికి అరుగులు ఉన్నాయో లేదో.