జర్మనీలో ఎమ్మెస్ వెతుకుతున్నారా? ర్యాంకుల కాలమ్ చివర్లో పెట్టండి

జర్మనీలో ఇంగ్లిష్ మీడియం ఎమ్మెస్ కోసం గూగుల్‌లో కొడితే ముందు తగిలేవి ఎక్కువగా ప్రకటనలే. వాటిని దాటుకుని నేరుగా జర్మన్ విద్యా మార్పిడి సంస్థ డాడ్ (DAAD) వాళ్ల ‘ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్’ డేటాబేసుకు వెళ్లండి. కోర్సు రకం, బోధన భాష, ఏ సెమిస్టర్‌లో మొదలు, ఫీజు: ఈ నాలుగు ఫిల్టర్లు చాలు. సబ్జెక్టు దగ్గర మాత్రం మరీ బిగించకండి. డేటా సైన్స్ అని మాత్రమే కొడితే, అదే సిలబస్‌ను స్టాటిస్టిక్స్ పేరుతోనో బిజినెస్ ఇన్ఫర్మాటిక్స్ పేరుతోనో చెప్పే కోర్సులు జాబితాలోకే రావు.

డాడ్‌లో లేని కోర్సులూ ఉంటాయి. వాటి కోసం అక్కడి యూనివర్సిటీల రెక్టర్ల సంఘం నడిపే హోఖ్‌షూల్‌కొంపాస్ (Hochschulkompass) సైట్ చూడాలి. అందులో ‘కొన్‌జెకుటివ్’, ‘వైటర్‌బిల్డెండ్’ అనే రెండు మాటలు కనిపిస్తాయి. మొదటిది డిగ్రీకి కొనసాగింపుగా చదివేది. రెండోది ఉద్యోగం చేసినవాళ్ల కోసం. సాధారణంగా కనీసం ఏడాది అనుభవం అడుగుతారు, ప్రభుత్వ యూనివర్సిటీ అయినా ఫీజు ఉంటుంది.

మామూలు కోర్సుల్లోనూ ‘జర్మనీలో ఫీజే లేదు’ అన్న మాట అన్నిచోట్లా నిజం కాదు. స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె ఉన్న బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 వింటర్ నుంచి ఈయూ బయటివాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 వింటర్ నుంచి మాస్టర్స్‌కు కోర్సును బట్టి సెమిస్టర్‌కు 4,000 లేదా 6,000 యూరోలు పెట్టింది.

ఇలా ఓ ఇరవై కోర్సులు పోగయ్యాక ఎక్సెల్ తెరవండి. చాలామంది అందులో మొదట నింపేది ర్యాంకు. నా లెక్కలో అది చివరి కాలమ్. సీటు రావడానికి అసలు అర్హతే లేని కోర్సు ఎన్నో ర్యాంకులో ఉంటే మనకేం?

అర్హత తేలేది క్రెడిట్ల దగ్గర. ఇంగ్లిష్ పేజీలో ‘సంబంధిత డిగ్రీ’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. అసలు షరతులు జర్మన్‌లో ఉండే అడ్మిషన్ నిబంధనల పీడీఎఫ్‌లో దాక్కుంటాయి. గూగుల్‌లో site అని కొట్టి, కోలన్ పెట్టి, యూనివర్సిటీ డొమైన్ పేరు రాసి, పక్కన ‘త్సులాసుంగ్స్‌ఓర్డ్‌నుంగ్’ (Zulassungsordnung, అడ్మిషన్ నిబంధనలు) అన్న జర్మన్ మాట, కోర్సు పేరు ఇస్తే సాధారణంగా బయటపడుతుంది.

అందులో ‘గణితంలో 20 ఈసీటీఎస్’ అని ఉందనుకుందాం. ఈసీటీఎస్ అంటే యూరప్ క్రెడిట్ల లెక్క. అందులో ఏడాదికి 60 చొప్పున మన నాలుగేళ్లకు 240. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు. అంటే మన ఒక్క క్రెడిట్ సుమారు ఒకటిన్నర ఈసీటీఎస్. నాలుగేసి క్రెడిట్ల మ్యాథ్స్ పేపర్లు రెండు, మూడు క్రెడిట్ల డిస్క్రీట్ మ్యాథ్స్ ఒకటి కలిపితే 11, ఈసీటీఎస్‌లో 16.5. చాలదు. నాలుగు క్రెడిట్ల ప్రాబబిలిటీ పేపర్ కూడా ఉంటే 22.5, గట్టెక్కుతారు. డిస్క్రీట్‌ను గణితంలో చూపితే కంప్యూటర్ సైన్స్ కోటాలో మళ్లీ చూపకూడదు. ఇది మనం వేసుకునే అంచనా మాత్రమే, చివరి లెక్క యూనివర్సిటీదే. అందుకే సిలబస్ కాపీ దగ్గరుంచుకోండి.

తర్వాత గ్రేడు. జర్మన్ గ్రేడు కోసం గరిష్ఠ మార్కులోంచి మీ మార్కు తీసేసి, ఆ వచ్చినదాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, 3తో గుణించి, 1 కలపాలి. అక్కడ అంకె తగ్గేకొద్దీ మెరుగు. 7.5 సీజీపీఏకు పాస్ మార్కు 4 అనుకుంటే 2.25 వస్తుంది, 5 అనుకుంటే 2.5. కటాఫ్ 2.3 అయితే ఈ తేడాతోనే సీటు పోతుంది. ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో ముందే నింపి ఉన్న పాస్ మార్కును నమ్మకుండా, మీ యూనివర్సిటీ రెగ్యులేషన్స్‌లో ఏముందో చూసి వేయండి.

విదేశీ యూనివర్సిటీలకు జర్మనీలో గుర్తింపు ఉందో లేదో చెప్పే డేటాబేసు అనాబిన్‌ (anabin). అందులో మన యూనివర్సిటీకి హెచ్ ప్లస్, అంటే గుర్తింపు, ఉందో లేదో చూసేటప్పుడు కాలేజీ పేరుతో వెతికి, దొరకలేదని కంగారుపడేవాళ్లు చాలామంది. డిగ్రీ పట్టా మీద ఉన్న పేరుతో వెతకాలి: జేఎన్‌టీయూ, ఉస్మానియా, ఆంధ్రా, ఏదైతే అది. అటానమస్ కాలేజీలకూ ఇదే దారి.

ఇక తేదీలు. గడువుకు ఒకటి కాదు, రెండు కాలమ్‌లు పెట్టండి. కొన్ని యూనివర్సిటీలు నేరుగా తీసుకుంటాయి, కొన్ని విదేశీ దరఖాస్తులను ముందుగా పరిశీలించే యూని అసిస్ట్ (uni-assist) ద్వారా తీసుకుంటాయి, ఇంకొన్ని ముందు యూని అసిస్ట్ నుంచి వీపీడీ (మన సర్టిఫికెట్లు పరిశీలించి, గ్రేడు మార్చి ఇచ్చే పత్రం) తెచ్చుకుని తమ పోర్టల్లో పెట్టమంటాయి. ఆ వీపీడీకి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు కాబట్టి మే 31 గడువంటే మీకు ఏప్రిల్ మధ్యలోనే గడువు. యూని అసిస్ట్‌లో ఒక సెమిస్టర్‌కు మొదటి దరఖాస్తు 75 యూరోలు, ఆపై ఒక్కోదానికి 30. మన చదువు పత్రాలు అసలువేనని జర్మన్ ఎంబసీ తరఫున తేల్చే ఏపీఎస్ (APS) సర్టిఫికెట్‌ను మాత్రం కోర్సులు తేలేదాకా ఆపకండి. 2022 నవంబరు నుంచి అది లేకుండా మన విద్యార్థుల వీసా ముందుకు కదలదు, చేతికి రావడానికి వారాలు పడుతుంది.

షరతుల పేజీ చూసిన రోజే పీడీఎఫ్‌గా దాచి, పక్క కాలమ్‌లో తేదీ వేయండి. మళ్లీ దరఖాస్తు పెట్టే వారంలో ఆ పేజీ తెరిచి రెండూ పోల్చండి. ఇన్‌టేక్ మారితే ఐఈఎల్‌టీఎస్ స్కోరు దగ్గర్నుంచి గడువు దాకా ఏదైనా మారి ఉండొచ్చు.